రాష్ట్రం ఇస్తుందని ముందే అప్పు చేయొద్దు

ప్రశ్న: మా వారు అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చారు, వైకల్య భత్యం వస్తుంది. తలకు తగిలిన దెబ్బ వల్ల తలనొప్పి, నిద్రలేమి వదలడం లేదు. డాలస్ దగ్గర ఉంటాం, ఇద్దరు పిల్లలు. ఒక క్లినిక్ హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ (ఎక్కువ పీడనం ఉన్న చాంబర్‌లో కూర్చోబెట్టి ఆక్సిజన్ పీల్పించే చికిత్స) 40 సిట్టింగులకు 10,000 డాలర్లు అడిగింది. తర్వాత టెక్సస్ ప్రభుత్వం తిరిగి ఇస్తుందట. నాది ఐటీ ఉద్యోగం. నెల ఖర్చు 5,500, పొదుపు 9,000. 401కె (ఉద్యోగంలో రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా) మీద కొంత, మెడికల్ క్రెడిట్ కార్డు మీద కొంత తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. ఆయన బాధ చూడలేక అడుగుతున్నారని అర్థమైంది. కానీ రాని డబ్బును వచ్చినట్టే లెక్కేసి అప్పు చేయడం నేను తరచూ చూసే తప్పు. రీయింబర్స్‌మెంట్ వస్తుందని నమ్మి బంగారం తాకట్టు పెట్టినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు.

టెక్సస్ 2017లో ఈ థెరపీకి పైలట్ కార్యక్రమం పెట్టిన మాట నిజమే. ఆ కార్యక్రమం ఖాతా నిండేది విరాళాలు, గ్రాంట్లతో. అందులో డబ్బుండాలి, చికిత్స ప్రణాళికకు ముందు అనుమతి రావాలి. చికిత్స అయ్యాక బిల్లులు పట్టుకెళ్తే ఇస్తారనే ఆశ పెట్టుకోకండి. తల గాయానికి ఈ థెరపీని ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకు అనుమతినిచ్చే అమెరికా సంస్థ) ఆమోదించలేదు. సైన్యం చేయించిన పరీక్షల్లో, మామూలు గాలితోనే చాంబర్‌లో కూర్చున్నవారికీ దాదాపు అంతే మెరుగు కనిపించింది. వైద్యం సంగతి వీఏ (మాజీ సైనికుల బాగోగులు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ) డాక్టరుతో మాట్లాడండి. అవసరమని డాక్టరు అంటే ఆక్యుపంక్చర్, మసాజ్, యోగా వీఏ ద్వారానే దొరుకుతాయి.

నా భయం మీ 9,000 గురించి. అది రెండు నెలలకు కూడా సరిపోదు. ఐటీలో ఉద్యోగం ఎప్పుడు పోతుందో చెప్పలేని రోజులివి. పోయిందంటే 401కె అప్పును పన్ను రిటర్న్ గడువులోపు తీర్చాలి, లేదంటే మిగిలిన బాకీపై పన్ను, అదనంగా ఆ బాకీలో 10 శాతం పెనాల్టీ. మెడికల్ కార్డు ఇంకా ప్రమాదం. వడ్డీ లేదన్న గడువులో చివరి డాలరు దాకా కట్టకపోతే చాలా కార్డులు మొదటి రోజు నుంచీ వడ్డీ లెక్కగడతాయి. గాయపడిన మనిషి ఉన్న ఇంట్లో ఈ రెండూ ఒకేసారి మీద పడితే తట్టుకోలేరు. అందుకే ముందు ఆరు నెలల ఖర్చు, 33,000 డాలర్లు పక్కన పెట్టాలి. ఆయనకు వచ్చే వైకల్య భత్యానికి పన్ను లేదు కాబట్టి అందులో ఒక భాగం ప్రతి నెలా నేరుగా వేరే సేవింగ్స్ ఖాతాకు వెళ్లేలా పెట్టండి. అది నిండేదాకా కొత్త అప్పు మాట ఎత్తకండి.

ఆయన పేర వీఏ ఇచ్చే వీఏలైఫ్ అనే జీవిత బీమా 40,000 డాలర్ల దాకా ఆరోగ్య ప్రశ్నలు లేకుండా వస్తుంది, పూర్తి కవరేజీ మాత్రం రెండేళ్ల తర్వాతే. మీ పేర టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

ఈ వారం మీ కౌంటీ వెటరన్స్ సర్వీస్ ఆఫీసుకు (మాజీ సైనికులకు సాయపడే స్థానిక కార్యాలయం) వెళ్లి, టెక్సస్ పైలట్ కార్యక్రమం ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటోందా, ఈ క్లినిక్‌కు డబ్బు ఇస్తుందా అని అడగండి. అనుమతి కాగితం చేతికి వచ్చేదాకా క్లినిక్ ఫారం మీద సంతకం పెట్టకండి.