కొడుకుకు స్కిజోఫ్రీనియా ఉంటే సొంత ఫ్లాటు వదిలి వెళ్లాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్లు. ఆరేళ్లుగా స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు, ఎవరి జోలికీ పోడు. మావారు లేరు. కాకినాడలో నా పేర ఉన్న ఫ్లాటులో ఉంటున్నాం. అబ్బాయిని పిచ్చాసుపత్రిలో చేర్చాలని, లేదంటే ఫ్లాటు అమ్ముకుని వెళ్లాలని అపార్టుమెంటు సంఘం తీర్మానించింది. కార్యదర్శి గేటు దగ్గర నలుగురి ముందు వాణ్ణి ‘పిచ్చోడు’ అని, నన్ను ‘పిచ్చోడి తల్లి’ అని హేళన చేశారు. ఇది తెలిసి మా అమ్మాయికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇలాంటి తల్లులు నా దగ్గరకు వచ్చినప్పుడు తప్పు తమదే అన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడతారు. మీ ఉత్తరంలోనూ ఆ జంకు కనిపిస్తోంది కాబట్టి ముందు ఇది చెబుతున్నాను: ఆ తీర్మానానికి చట్టం దృష్టిలో విలువ లేదు. నిర్వహణ ఖర్చులు వసూలు చేయడం, ఉమ్మడి స్థలాలు చూసుకోవడం సంఘం పని. యజమానిని ఇల్లు వదిలి పొమ్మనే అధికారం దానికి లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 19వ సెక్షన్ మీ అబ్బాయికి సమాజం నుంచి వెలివేతకు గురికాకుండా అందరితో పాటు బతికే హక్కు ఇచ్చింది. ఇష్టం లేని రోగిని ఆసుపత్రిలో చేర్చాలంటే, 89వ సెక్షన్ ప్రకారం నామినేటెడ్ ప్రతినిధి (చికిత్స విషయాల్లో రోగి ఎంచుకున్న, లేదా చట్టం ప్రకారం అతని తరఫున నిలిచే వ్యక్తి) దరఖాస్తు చేయాలి. ఒక సైకియాట్రిస్టు, మరొక మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు విడివిడిగా పరీక్షించి, జబ్బు తీవ్రత వల్ల అతనికో ఇతరులకో ప్రమాదం ఉందని, లేదా తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడని తేల్చాలి. అలా చేర్చినా మొదట 30 రోజులకు మించి ఉంచరాదు. ఇందులో ఇరుగుపొరుగు ఓటుకు చోటు లేదు.

హేళన సంగతి కొంత చిక్కైనది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. అలాంటి వ్యక్తిని నలుగురి కంటపడే చోట కించపరచాలనే ఉద్దేశంతో అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. మీ అబ్బాయిని అన్న మాటకు ఇది వర్తిస్తుంది. మిమ్మల్ని అన్న మాటకు మాత్రం ఈ రక్షణ నేరుగా లేదు. 2017 చట్టం రోగిని చూసుకునే సంరక్షకులను నిర్వచించిందే కానీ వారిని అవమానించడాన్ని ప్రత్యేక నేరం చేయలేదు. ఇది లోపమనే నా అభిప్రాయం. పరువు నష్టం కేసు (భారతీయ న్యాయ సంహిత, 356) వేయవచ్చు గానీ, దానికి మీరే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లాలి, ఏళ్లు పట్టవచ్చు. మీ బలం మీ అబ్బాయి తరఫు ఫిర్యాదులోనే ఉంది.

తప్పిపోయిన సంబంధం గురించి కోర్టు చేయగలిగింది లేదు; పెళ్లికి ముందు తప్పుకునే స్వేచ్ఛ వారికి ఉంది. అయితే ఇకపై వచ్చే సంబంధాల వారికి చెప్పకపోతే మోసమవుతుందని భయపడకండి. పెళ్లి రద్దుకు కారణంగా హిందూ వివాహ చట్టంలోని 12(1)(సి) చెప్పే మోసం ప్రతివాదికి, అంటే ఇక్కడ పెళ్లికూతురికి, సంబంధించిన ముఖ్య విషయం గురించినది; అన్న జబ్బు ఆమె జబ్బు కాదు. వాళ్లు నేరుగా అడిగితే మాత్రం దాచవద్దని నా సలహా.

ముందుగా తీర్మానం నకలు ఇమ్మని సంఘాన్ని స్పీడ్ పోస్టులో అడగండి, గేటు దగ్గర విన్నవారి పేర్లు రాసి పెట్టుకోండి. అబ్బాయికి వైకల్య ధ్రువపత్రం లేకపోతే దరఖాస్తు చేయండి, రుజువు తేలికవుతుంది. లాయరు ఫీజు గురించి దిగులు వద్దు: మహిళగా మీకు, వైకల్యం ఉన్న వ్యక్తిగా అతనికి, ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, ఫోన్ 15100.