స్నేహితురాలితో వ్యాపారం చేస్తే స్నేహం చెడుతుందా? ‘లైక్ ఎ బాస్’ చూసి భయపడుతున్న వారికి

‘లైక్ ఎ బాస్’ చూశాక, స్నేహితురాలితో కలిసి గుంటూరులో బొటిక్ పెట్టాలన్న మీ ఆలోచన మీద మీకే అనుమానం కలిగిందనీ, నిజంగానే వ్యాపారం స్నేహాన్ని అంతగా చెడగొడుతుందా అనీ అడిగారు. నేనూ, డిగ్రీలో నా పక్కన కూర్చున్న అమ్మాయీ కలిసి బ్రాడీపేటలో ఆరేళ్లుగా మగ్గం వర్కు బ్లౌజుల దుకాణం నడుపుతున్నాము కనుక, ఆ సినిమాను ఎంతవరకు నమ్మవచ్చో కొంత చెప్పగలను.

2020 జనవరిలో విడుదలైన ఆ సినిమాలో టిఫనీ హాడిష్, రోజ్ బర్న్ నటించిన మియా, మెల్ అనే స్నేహితురాళ్లు సౌందర్య సాధనాల సంస్థ నడుపుతూ 4,93,000 డాలర్ల అప్పులో పడతారు. సల్మా హాయెక్ పాత్ర ఆ అప్పు తీర్చి, ఇద్దరూ విడిపోతే సంస్థ తన చేతికి వచ్చేలా షరతు పెట్టుకుని, వారి మధ్య చిచ్చు రాజేస్తుంది. హాస్యం చాలాచోట్ల మోటుగా ఉంది, కథ ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది. మా దుకాణంలో చిచ్చు పెట్టడానికి బయటివారెవరూ రానవసరం లేకపోయింది.

అయినా ఒక సన్నివేశం నన్ను కదిలించింది. బిల్లీ పోర్టర్ నటించిన బ్యారెట్ అనే నమ్మకమైన ఉద్యోగిని, చేస్తున్నది తప్పని తెలిసి కూడా, ఆ ఇద్దరూ పనిలోంచి తీసేస్తారు. అందరూ నవ్వే ఆ సన్నివేశంలో నాకు మా టైలరు మాస్టరు గుర్తుకు వచ్చారు. మూడో ఏట ఆషాఢం, ఆ వెంటనే మూఢం కలిసి వచ్చి, పెళ్లి బ్లౌజుల ఆర్డర్లు లేక, అద్దె మాత్రం నెలనెలా కట్టవలసి వచ్చినప్పుడు, ఆయన జీతం భారమని నా స్నేహితురాలు అనుకుంటున్నదని నేను భావించాను; లెక్కలు చూసేది నేనే కనుక, ఆయన్ను తీసేయాలని నేను కోరుకుంటున్నానని ఆమె భావించింది. ఇద్దరికీ ఇష్టం లేని పనిని ఒకరి కోసం ఒకరం చేసి, ఏడాది తరువాత ఒక చిన్న మాటల యుద్ధంలో గాని ఆ సంగతి తెలుసుకోలేకపోయాము.

మా అసలు తగాదా మాత్రం జీతం గురించి. ఆమె ఉదయం నుంచి రాత్రి వరకు దుకాణంలో నిలబడి కొలతలు తీసుకుని, పూసల కోసం విజయవాడ వన్‌టౌన్ చుట్టూ తిరిగేది. నేను వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఖాతాలు రాసేదాన్ని. లాభం మాత్రం చెరిసగం. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 13వ సెక్షను కూడా, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే లాభనష్టాలు సమానమనీ, పని చేసినందుకు భాగస్వామికి విడిగా జీతం రాదనీ చెబుతున్నది. ఆమె మూడేళ్లు నోరు మెదపలేదు, నేను అడగలేదు. అడగకపోవడం నా తప్పే. సినిమాలో మెల్ అప్పు సంగతి మియాకు చెప్పడానికి వెనుకాడినట్టే, నేనూ మూఢం నెలల్లో చేసిన చేబదుళ్లను ఆమెకు చెప్పలేదు. అదే చట్టం ప్రకారం సంస్థ అప్పుకు భాగస్వాములు కలిసీ, విడివిడిగానూ బాధ్యులు కనుక, తనకు తెలియని అప్పుకు కూడా ఆమె పూచీ పడి ఉన్నట్టే.

చివరికి వకీలు దగ్గర కూర్చుని కొత్త ఒప్పంద పత్రం రాయించుకున్నాము. అందులో ఆమెకు నెల జీతం, ఎవరు ఎంత వరకు ఒంటరిగా అప్పు చేయవచ్చో ఒక హద్దు, ఒకరు తప్పుకుంటే దుకాణం విలువ కట్టే పద్ధతి ఉన్నాయి. సంస్థను రిజిస్టరు కూడా చేయించాము. అది తప్పనిసరి కాకపోయినా, చేయించకపోతే ఒప్పందపు హక్కుల కోసం ఒక భాగస్వామి మరొకరి మీద దావా వేయడం కుదరదు. మొదటి జీతం అందుకుంటూ, రసీదు మీద సంతకం పెట్టమంటే ఆమె చాలాసేపు నవ్వింది. మీరు ఈ పని దుకాణానికి అడ్వాన్సు ఇవ్వకముందే చేయండి.

టైలరు మాస్టరును వెనక్కి పిలవడానికి ఇద్దరం వెళ్లాము గాని, ఆయన అప్పటికే వేరే చోట కుదిరిపోయారు. బ్లౌజు చేతులు ఆయన కోసినట్టు రావడం లేదని పాత కస్టమర్లు ఇప్పటికీ అంటూనే ఉన్నారు.