మీరడిగారు – మేం చెప్తాం: తాతగారి పుస్తకంలో ఏం రాయాలి?

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె, నేను ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. మా తాతగారు బాప్టిస్టు పాస్టరు. 51 ఏళ్ళు సేవ చేసి పోయిన నెల 93వ ఏట ప్రభువులో నిద్రించారు. జ్ఞాపకార్థ కూడికకి చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం, రాసే పని నా మీద పడింది. సంఘ పెద్దలేమో ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు, ఎన్ని చర్చిలు కట్టించారు, అవి రాయమంటున్నారు. నాన్నేమో "ఊరందరికీ ఆయన ఉన్నాడు, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు లేడు, అదీ రాస్తావా" అని లేచి వెళ్ళిపోయారు. మామ్మని ఏం అడిగినా "నాకేటి తెలుసమ్మా" అంటాది. తాతగారి రేకుపెట్టెలో పాత చిట్టా పుస్తకాలు 30 దాకా దొరికాయి. ఏ రోజు ఎవరింటికి వెళ్ళారో రాసుకున్నారు, ఆ పక్కనే బియ్యం, కిరసనాయిలు లెక్కలు. వీటిలో ఏం తియ్యాలి, ఎక్కడ మొదలెట్టాలి?
– ఒక మనవరాలు, విజయనగరం

జవాబు: అమ్మా, ముందు ఆ చిట్టాలు జాగ్రత్త. రేకుపెట్టెలో ఉన్నా మన వైపు తేమకి కాగితం అతుక్కుపోతుంది, పురుగు పడుతుంది. ఈ వారమే కూర్చుని ప్రతి పేజీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, రాయడం సంగతి తరవాత. ఒక మనిషి తన చేత్తో అన్నేళ్ళు రాసుకున్నది ఇంట్లో ఉండడం ఎంత అదృష్టమో మీకు ఇప్పుడు తెలీకపోవచ్చు, మా ఇంట్లో అలాంటిది ఒక్క కాగితం కూడా మిగల్లేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పెద్దలు అడిగిన బాప్తిస్మాల లెక్క రాయండి, తప్పు లేదు, కానీ సంఘం రిజిస్టరు చూసి రాయండి, ఎవరో నోటితో చెప్పిన అంకె వెయ్యకండి. అలాగే ఆ అంకె అంటే ఏంటో రెండు ముక్కలు రాయండి, ఎందుకంటే కూడికకి వచ్చే మీ స్నేహితుల్లో చాలామందికి తెలీదు. బాప్టిస్టుల్లో చంటిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. పిల్లల్ని చర్చికి తెచ్చి ప్రార్థన చేసి దేవుడికి ప్రతిష్ఠ చేస్తారు, అంతే. తెలివి వచ్చాక తనే నోరు తెరిచి నేను నమ్ముతున్నాను అని సంఘం ముందు చెప్పినవాళ్ళకే బాప్తిస్మం, అదీ నీళ్ళు చిలకరించడం కాదు, పూర్తిగా ముంచి లేపడం. చర్చిలో తొట్టి లేని చోట ఏరో చెరువో. నా చిన్నప్పుడు నాగావళిలో చూశాను, పాస్టరు గారు నడుం లోతు నీళ్ళలో నిలబడి ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి ముక్కు మీద రుమాలుతో పట్టి ముంచి లేపేవారు, ఒడ్డున వాళ్ళ అమ్మో అత్తో పొడి తువ్వాలు పరిచి పట్టుకుని నిలబడేది. డిసెంబరు చలి, ఆయన మాత్రం ఆఖరి మనిషి అయ్యేదాకా ఆ నీళ్ళలోనే. మీ తాతగారి లెక్కలో ఉన్న ప్రతి పేరూ అలా స్వయంగా నడిచి వచ్చిన మనిషిదే. వాళ్ళలో బతికున్న ముగ్గురు నలుగుర్ని కలిసి ఆ రోజు ఏం జరిగిందో అడిగి రాయండి, అంకె కన్నా అదే జనం చదువుతారు.

మన వైపు బాప్టిస్టులు ఎలా వచ్చారో కూడా ఒక పేరా పడితే బాగుంటుంది. తామస్ గాబ్రియేలు అనే తెలుగాయన టెలిగ్రాఫ్ ఉద్యోగం వదులుకుని కాకినాడలో మొదలుపెట్టిన పని అది, ఆయన పిలిస్తేనే కెనడా బాప్టిస్టుల తరఫున మెక్లారిన్ దొర 1874లో కాకినాడ వచ్చాడు. మరుసటేడు, 1875లో, కెనడా తూర్పు తీరం నుంచి వచ్చిన ఇంకో జట్టు (వాళ్ళు ముందు బర్మా, సయాం వైపు వెళ్ళి అక్కడ కుదరక ఇటు తిరిగారు) భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు పని పట్టుకుంది. తరవాత విజయనగరం, పాలకొండ, పార్వతీపురం, టెక్కలి, సోంపేట. దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, వాళ్ళ వెనకాల ఎండలో నడిచి ఊరూరా చెప్పిన మన తెలుగు పాస్టర్ల పేర్లు చాలావరకు లేవు, మీ తాతగారి పుస్తకం ఆ వరసలో ఒక పేరు నిలబెడుతుంది, అందుకే దీన్ని ఏదో కూడికలో పంచే కరపత్రంలా చూడొద్దు.

ఇంక మామ్మ. ఆవిడకి ఏమీ తెలీదంటే నేను నమ్మను. మీరు అడిగే పద్ధతి మార్చండి. "తాతయ్య ఎలాంటివారు" అంటే ఎవరైనా ఏం చెప్తారు? మా పెదనాన్న కూడా పాలకొండ వైపు పల్లెలో పాస్టరే, ఆయన పోయాక మా పెద్దమ్మని నేనూ ఇలాగే అడిగి "మంచాయనేనమ్మా" అన్న జవాబుతో వచ్చేశాను. తరవాతెప్పుడో వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ పొద్దున్నే ఎన్నింటికి లేచేదానివి అని ఊరికే అడిగితే మొత్తం చెప్పింది. ఆయన నాలుగింటికి లేచి సంఘంలో ఇంటింటి పేరూ చెప్పి పైకే ప్రార్థన చేసేవారట, ఇంట్లో గడియారం లేదు, తూర్పు వీధి పేర్లు అయిపోయాయంటే ఈవిడ లేచి పొయ్యి వెలిగించే టైమ్, చెరువు గట్టు ఇళ్ళ దగ్గరకి వచ్చారంటే పిల్లల్ని లేపే టైమ్. ఎవరి పేరు దగ్గరైనా ఆయన గొంతు ఆగితే ఆ ఇంట్లో ఏదో కష్టం ఉందని తెలిసిపోయేదట, ఆ పూట గిన్నెడు అన్నం ఎక్కువ వండేదట. నలభై ఏళ్ళు ఆ ఇల్లు అలా నడిచింది. దాంట్లో సేవ ఎక్కడ ఆగింది సంసారం ఎక్కడ మొదలైంది చెప్పండి? మీ తాతగారి చిట్టాలో ప్రార్థనకి వెళ్ళిన ఇంటి పేరు పక్కనే బియ్యం లెక్క ఉండడం కూడా అదే. వాటిని విడదీసి ఒకటి పుస్తకంలోకి, ఒకటి పెట్టెలోకి పంపకండి, ఒక రోజు పేజీ ఉన్నదున్నట్టు అచ్చు వెయ్యండి, కిరసనాయిలుతో సహా.

బాప్టిస్టు సంఘాల్లో పాస్టర్ని సంఘమే పిలుచుకుంటుంది, జీతం వాళ్ళిచ్చే కానుకల్లోంచే రావాలి. పంట పోతే కానుకా పోయేది. ఆడవాళ్ళు వండుకునే ముందు తీసి పెట్టిన పిడికెడు బియ్యం ఎన్ని ఇళ్ళల్లో పాస్టరు గారి పిల్లల పొట్ట నింపిందో, ఆ సంగతి మామ్మకే తెలుస్తుంది, గట్టిగా అడగండి. తిత్లీ తుపాను అప్పుడు ఏం చేశారో కూడా అడగండి. 2018 అక్టోబరు 11 గురువారం తెల్లారకుండా పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అయ్యాయి, మీ టెక్కలి పక్కనే కదా. మూడో రోజుకి ఆదివారం. అప్పటికి ఆయనకి ఎనభై దాటి ఉంటాయి. ఆ ఆదివారం ఆరాధన ఎక్కడ, ఎవరు నడిపారు?

మీ నాన్నగారి మాట దగ్గరకి వస్తాను, అసలు ఉత్తరంలో నన్ను పట్టుకున్నది అదే. రాయండమ్మా. దాచకండి. తన ఇంటిని చక్కగా ఏలుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది, ఆ వాక్యం మీద మీ తాతగారు ఎన్నిసార్లు ప్రసంగం చేసి ఉంటారో, చేసిన ప్రతిసారీ ఆయనకి కొడుకు గుర్తొచ్చి ఉంటాడని నాకు అనిపిస్తుంది. టైఫాయిడ్ వచ్చిన ఏడు ఏదో నాన్నగారికి తెలుసు కాబట్టి ఆ ఏడు చిట్టా తీసి ఆయన చేతిలో పెట్టి మీరు బయటికి వచ్చెయ్యండి. మీరు చదివి వినిపించకండి, "చూశావా నాన్నా" అనకండి. అందులో పక్క ఊరి కూడికలో ఉన్నట్టే ఉండొచ్చు, బాబుకి జ్వరం అని ఒక్క ముక్క ఉండొచ్చు, పేజీ ఖాళీగానూ ఉండొచ్చు. ఏది ఉన్నా అది తండ్రీకొడుకుల మధ్య సంగతి, ఎంతవరకు అచ్చు వెయ్యాలో ఆయనే చెప్తారు. అరపేజీ ఆయన చేతే రాయించగలిగితే ఇంకా మంచిది, కోపంగా రాసినా సరే దిద్దకండి.

ఫోటో గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను, అందరూ కోటు వేసుకుని పుల్పిట్ (ప్రసంగం చేసే బల్ల) దగ్గర నిలబడ్డ ఫోటోయే అట్ట మీద వెయ్యమంటారు. అది లోపల వెయ్యండి. అట్ట మీదకి మామ్మతో కలిసి ఉన్నది ఏదైనా, అరుగు మీద కూర్చున్నదైనా సరే, వెతకండి. పుస్తకం అయ్యాక మాకో కాపీ పంపండి, నేను మొదటి పేజీ నుంచి చదువుతాను.