పని నడుస్తున్న డీటీపీ కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చవచ్చా?

మీ ప్రశ్నలోని వివరాలు నాకు అర్థమైనంతవరకు ఇవి: గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ సెంటర్, ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న తాళంచెవి లాంటి పరికరం) పెడితేనే నడిచే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. విండోస్ 10కు మద్దతు ముగిసింది కాబట్టి 11కు మారాలా వద్దా అని అడిగారు. కంప్యూటర్ 11కు సరిపోతుందో లేదో చూసే హెల్త్ చెక్ ప్రోగ్రామ్, విండోస్ 11 అడిగే టీపీఎం అనే భద్రతా ఏర్పాటు లేదంటోందని కూడా రాశారు. విజయవాడ గవర్నర్‌పేటలో ఇరవై ఏళ్లకు పైగా శుభలేఖలు, పుస్తకాల పేజీలు చేస్తున్నవాడిగా నా మాట ఇది. మీ కంప్యూటర్ విండోస్ 11కు సరిపోతుంది. నిర్ణయం మాత్రం దానికి తగిలించి ఉన్న వస్తువుల్లో అన్నిటికంటే పాతదాన్ని బట్టి, అంటే ఆ డాంగిల్‌ను బట్టి తీసుకోండి.

ఇలా ఎందుకు అంటున్నానో చెబుతాను. విండోస్ 7కు 2020 జనవరి 14తో మద్దతు ముగిసింది. సంక్రాంతికి షాపు ఎలాగూ మూసే ఉంటుంది కదా అని ఆ మూడు రోజుల్లో పాత 32 బిట్ విండోస్ 7ను తీసేసి, కొత్తగా కొన్న ర్యామ్ మొత్తం పనికొస్తుందన్న ఆశతో, ఎక్కువ ర్యామ్‌ను వాడుకోగల 64 బిట్ రకం విండోస్ 10 వేశాను. 32 నుంచి 64కు నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు కనుక డిస్క్‌ను ఫార్మాట్ చేయక తప్పలేదు. కనుమ మర్నాడు షాపు తెరిచి చూస్తే, తిరిగి ఎక్కించిన ఫాంట్లన్నీ ఉన్నాయి, పాత శుభలేఖలన్నీ చక్కగా తెరుచుకుంటున్నాయి, కొత్తగా మాత్రం ఒక్క తెలుగు అక్షరం పడడం లేదు. ‘క’ మీట నొక్కితే దానికి ఏ సంబంధమూ లేని ఒత్తు ఒకటి వచ్చి కూర్చునేది.

కారణం తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. మనం వాడే ఈ పాత ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతివి కావు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గళ్లలోనే తెలుగు గుణింతాలను, ఒత్తులను ముక్కలు ముక్కలుగా సర్ది ఉంచారు. మనం నొక్కిన మీటకు ఏయే ముక్కలు తెచ్చి అతకాలో చూసేది టైపింగ్ సాఫ్ట్‌వేర్. అది డాంగిల్‌ను గుర్తిస్తేనే లేస్తుంది, డాంగిల్‌ను గుర్తించడానికి డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్) కావాలి, నా దగ్గర ఉన్న డ్రైవర్ 32 బిట్‌ది. పేజ్‌మేకర్ వంటి 32 బిట్ ప్రోగ్రామ్‌ను 64 బిట్ విండోస్ నడుపుతుంది గాని, 32 బిట్ డ్రైవర్‌ను అస్సలు ఒప్పుకోదు. ఈ తేడా తెలియకుండానే నేను డిస్క్ తుడిచేశాను.

అప్పటికి మాఘమాసపు ముహూర్తాలు నెత్తిమీదికి వచ్చాయి. రెండు రోజులపాటు పాత శుభలేఖల్లోంచి అక్షరాలు ఏరుకుని అతికిస్తూ పని నడిపాను. ‘శ్రీరస్తు, శుభమస్తు’ ఉన్నది ఉన్నట్టుగానే దొరికింది. ఒక పెళ్లికూతురి పేరులో ‘జ్యో’ కావలసి వచ్చి ఎన్ని ఫైళ్లు తిరగేశానో లెక్కలేదు. చివరికి 32 బిట్ విండోస్ 10 తెచ్చి వేసుకుని గట్టెక్కాను. మీకు ఆ వెనుకదారి ఉండదు, ఎందుకంటే విండోస్ 11 కేవలం 64 బిట్‌లోనే వస్తుంది.

కాబట్టి ముందుగా సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి మీ విండోస్ 10 ఎన్ని బిట్‌లదో చూడండి. 64 బిట్ అయి, డాంగిల్ ఇప్పటికే దానిలో పనిచేస్తూ ఉంటే సగం భయం తీరినట్టే. మిగతా సగం మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా ఏర్పాటు వల్ల. కొత్తగా వేసిన విండోస్ 11లో చాలాచోట్ల అది ముందే ఆన్ అయి ఉంటుంది, కొన్ని పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. విండోస్ 10లో కూడా విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ అన్న చోట దాన్ని ఆన్ చేయబోతే, సరిపడని డ్రైవర్లు ఉంటే పేర్లతో సహా చూపిస్తుంది. అక్కడ మీ డాంగిల్‌దో, పాత ప్రింటర్‌దో పేరు కనిపిస్తే తొందరపడకండి.

టీపీఎం విషయం అంత పెద్దది కాదు. ఎనిమిదో తరం బోర్డుల్లో అది చాలావరకు బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల్లో, పీటీటీ అనే పేరుతో ఆఫ్ అయి ఉంటుంది. ఆన్ చేస్తే చాలు. అయితే మీ విండోస్ లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో వేసినదైతే డిస్క్ ఎంబీఆర్ అనే పాత అమరికలో ఉంటుంది, విండోస్ 11కు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి, దానికి తగిన జీపీటీ అమరిక కావాలి. విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీతో ముందు డిస్క్‌ను మార్చి, ఆ తరువాతే బయోస్‌లో యూఈఎఫ్ఐ పెట్టాలి. ఈ వరుస తప్పితే కంప్యూటర్ లేవదు. ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేయకుండా దీని జోలికి వెళ్లవద్దు.

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసిందంటే మీ కంప్యూటర్ ఆగిపోతుందని అర్థం కాదు. భద్రతా అప్‌డేట్‌లు మామూలుగా రావు, అంతే. సొంతానికి వాడుకునేవారికి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు అవి అందే పథకాన్ని కూడా మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అయితే డీటీపీ షాపులో ప్రమాదం మామూలు ఇళ్లలోకంటే ఎక్కువ. రోజుకు పదిమంది పది పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు, వద్దనలేం. అందుకని నేను పనిని రెండుగా విడదీశాను: మెయిళ్లు, వాట్సాప్, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్‌లో, డాంగిల్, పేజ్‌మేకర్ నెట్ తీసేసిన పాతదానిలో. రెండింటి మధ్య తిరిగేది షాపు సొంత పెన్‌డ్రైవ్ ఒక్కటే, దాన్ని కొత్త కంప్యూటర్‌లో స్కాన్ చేయనిదే పాతదానికి పెట్టను. మా అబ్బాయి దీన్ని మడి కట్టుకోవడం అంటాడు.

రెండో కంప్యూటర్‌కు ఇప్పుడు వీలు లేక ఉన్నదాన్నే మార్చదలిస్తే, రోజు చూసుకుని మార్చండి. అప్‌గ్రేడ్ చేశాక నచ్చకపోతే పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే వీలు 10 రోజులే ఉంటుంది. ఆ పది రోజుల్లో మీరు చేసే ప్రతి రకం పనీ ఒక్కసారైనా చేసి చూడాలి: శుభలేఖ, బిల్ బుక్, పీడీఎఫ్, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు. ఇందుకు ఆషాఢం మొదటి వారం మంచిది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు కదా అని నెలాఖరు దాకా ఆగితే శ్రావణపు శుభలేఖలు అప్పటికే టేబుల్ మీద ఉంటాయి.