భవానీ ద్వీపం, మ్యూజియం ఒకే రోజులో: అమ్మగారితో వెళ్లేవారికి

విజయవాడ దగ్గర కృష్ణలో ఉన్న భవానీ ద్వీపంలో మ్యూజియాలన్నీ నడిచి చూడాలి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఎలా అని అడిగారు కదండీ. మ్యూజియం ద్వీపంలో లేదండీ, ఊళ్లో బందరు రోడ్డు మీదుంది. పేరు బాపు మ్యూజియం. పొద్దున తెరవగానే వెళ్లండి. అల్లూరులో దొరికిన తెల్ల సున్నపురాతి బుద్ధుడి దగ్గర కాసేపు ఆగండి. ఎడమ భుజం మీంచి దిగే వస్త్రం మడతలు ఎంత నాజూగ్గా చెక్కారో! హడావిడిగా దాటేయాల్సిన విగ్రహం కాదది.

మధ్యాహ్నం భోంచేసి పడుకోండి, మన బెజవాడ ఎండ తెలిసిందేగా. ఎండ తగ్గాక పున్నమి ఘాట్‌లో బోటెక్కండి. ద్వీపమంతా తిరగక్కర్లేదు, చెట్ల కింద అమ్మగారు ఓపికున్నంత నడిస్తే చాలు. తిరుగు బోటు ఆఖరి టైము మాత్రం ముందే కనుక్కోండి. కృష్ణకు వరదొస్తే బోట్లు ఆపేస్తారు, బయల్దేరేముందు ఫోన్ చేయండి. ఉండవల్లి గుహల్లో మెట్లున్నాయి, ఈసారికి వద్దు.