డచ్ కర్మణి వాక్యంలో క్రియల వరుస ఎలా ఉంటుంది?

డచ్ కర్మణి ప్రయోగంలో వర్తమాన, భూతకాలాలకు ‘వోర్డెన్’ అనే సహాయక క్రియను వాడతారు. పని పూర్తయిందని చెప్పడానికి ‘జైన్’ వస్తుంది. ‘డె బ్రుఖ్ వోర్ట్ ఖెబౌట్’ అంటే వంతెన కడుతున్నారని, ‘డె బ్రుఖ్ ఇస్ ఖెబౌట్’ అంటే కట్టడం పూర్తయిందని అర్థం. ఇంగ్లీషు అలవాటుతో ఈ ‘ఇస్’ను వర్తమానంగా చదవడం వల్లే చాలామందికి చిక్కు వస్తుంది. ప్రధాన వాక్యంలో సహాయక క్రియ రెండో స్థానంలోను, భూత కృదంతం (‘ఖెబౌట్’ వంటి రూపం) సాధారణంగా చివరలోను నిలుస్తాయి. పని చేసినవారిని చెప్పదలిస్తే ‘దోర్’ (తెలుగు ‘చేత’ వంటిది) అనే పదంతో చేర్చాలి. ‘డాట్’ (తెలుగు ‘అని’ వంటిది) అనే పదంతో మొదలయ్యే ఉపవాక్యంలో మాత్రం, కొంతవరకు తెలుగులోలాగే, క్రియలన్నీ చివరికి చేరతాయి; అక్కడ ‘ఖెబౌట్ వోర్ట్’, ‘వోర్ట్ ఖెబౌట్’ అనే రెండు వరుసలూ వ్యాకరణసమ్మతమే కనుక, వీటిలో ఏది సరైనదన్న వాదన అనవసరం.