పొట్ట కండరాలకు వారంలో మూడు రోజులు చాలు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు రోజూ పొద్దున్న లేవగానే మూడు వందల క్రంచెస్, అదే వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే వ్యాయామం, చేస్తున్నావట, వారం నుంచి కుర్చీలోంచి లేవాలంటే నడుం పట్టుకుని లేస్తున్నావట. "అన్నయ్యా, వాడు నా మాట వినడు, నువ్వైనా చెప్పు" అంది. ఫోన్‌లో చెబితే ఆఫీసు పనిలో పడి సగం మర్చిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

నువ్వు అడగాలనుకున్న ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. పొట్ట కండరాలకు వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడుపు, రోజుకు పదిహేను నిమిషాలు. అంతకంటే అక్కర్లేదు. ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టారుగా చేశాను, వ్యాయామశాలల్లో కుర్రాళ్ల చేత బరువులు ఎత్తించాను. రోజూ చేసినవాడికి, మూడు రోజులు సరిగ్గా చేసినవాడికి మధ్య తేడా కళ్లారా చూశాను. రెండోవాడే ముందుంటాడు.

ఎందుకంటే కండరం బలపడేది వ్యాయామం చేసేటప్పుడు కాదు, చేసి వదిలేశాక. గట్టిగా శ్రమపడిన కండరం తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. నువ్వు జిమ్‌లో ఛాతీకి రోజూ బరువులు ఎత్తుతావా? ఎత్తవు. పొట్ట దగ్గరకు వచ్చేసరికి మాత్రం రోజూ చేయాలని ఎవరో చెబుతారు, అందరూ నమ్ముతారు. అదీ కండరమే నాన్నా. నిలబడటానికి, కూర్చోవడానికి, దగ్గడానికి కూడా పనికొచ్చే కండరం కాబట్టి తేలికపాటి పనిని అది రోజూ తట్టుకుంటుంది. మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని బల్లలా నిలిపి ఉంచే ప్లాంక్ రోజూ ఒక నిమిషం వేస్తే నష్టమేమీ లేదు. కానీ దాన్ని పెంచాలనుకుని కష్టపెట్టిన రోజు తర్వాత ఒక రోజు వదిలేయాలి.

ఇంకో మాట. నువ్వు మూడు వందలు చేయగలుగుతున్నావంటే ఆ వ్యాయామం నీకు బరువుగా లేదన్నమాట. ఐదు కిలోల సంచీని రోజుకు మూడు వందల సార్లు ఎత్తి దించేవాడికి ఓపిక పెరుగుతుంది కానీ, క్వింటా బస్తా ఎత్తే బలం రాదు. పొట్టకైనా అంతే. పది పదిహేను సార్లకే ఇక చాలనిపించేంత కష్టమైన వ్యాయామం ఎంచుకోవాలి. అది తేలికయ్యాక లెక్క పెంచడం కాదు, కష్టం పెంచాలి.

నీ వయసులో నేనూ ఇదే పొరపాటు చేశాను. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కథలు వింటూ పెరిగినవాళ్లం. దండీలు, బస్కీలు అయ్యాక రోజూ రెండు వందల సిట్-అప్స్ చేసేవాళ్లం. ఒకడు కాళ్ల మీద కూర్చుంటే ఇంకొకడు లేచి కూర్చోవడం. కాళ్లు అలా నొక్కిపట్టినప్పుడు పైకి లేపే పని చాలావరకు తొడ మొదట్లోని కండరాలు చేస్తాయి. అవి నడుం వెన్నుపూసల దగ్గర మొదలై తొడ ఎముకకు అంటుకుని ఉంటాయి. లేచిన ప్రతిసారీ అవి నడుమును ముందుకు గుంజుతాయి. రెండేళ్లకు నా నడుం పట్టేసింది. నెల రోజులు చెప్పులు వేసుకోవడానికి కూడా వంగలేకపోయాను. అప్పట్లో ఇలా అని చెప్పేవాళ్లు మాకు లేరు. నీకు నేనున్నాను.

సిట్-అప్స్ గురించి పెద్ద పెద్ద వ్యవస్థలే మనసు మార్చుకున్నాయి. అమెరికా సైన్యం దశాబ్దాలపాటు ప్రతి సైనికుడికీ రెండు నిమిషాల సిట్-అప్స్ పరీక్ష పెట్టేది. కొత్త పరీక్షలో దాన్ని తీసేసింది, 2022 నుంచి ఆ స్థానంలో ప్లాంక్ పెట్టింది. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ మెక్‌గిల్ అనే ప్రొఫెసర్ వెన్నెముక మీద దశాబ్దాలు పరిశోధన చేశారు. నడుమును పదే పదే ముందుకు వంచడం డిస్కులకు ఎలా చేటు చేస్తుందో వివరంగా చూపించారు. నేను కింద చెప్పబోయే మొదటి మూడు వ్యాయామాలూ ఆయన ప్రచారంలోకి తెచ్చినవే.

అవి చెప్పేముందు పొట్ట ఎలా అల్లుకుని ఉందో తెలుసుకో. మీరు సిక్స్ ప్యాక్ అనేది పక్కటెముకల నుంచి పొత్తికడుపు కింది ఎముక దాకా నిలువుగా దిగే కండరం. దానికి అటూ ఇటూ ఏటవాలుగా రెండు పొరలుంటాయి. పైపొర ఒక వాలుగా, లోపలి పొర దానికి ఎదురు వాలుగా. మన ఇంట్లో తాతగారి నులక మంచం గుర్తుందా? నులక అలా అడ్డదిడ్డంగా పోయినట్టు కనిపిస్తుంది కానీ, ఆ అల్లికే మనిషి బరువును మోస్తుంది. అన్నిటికన్నా లోపల ఇంకో పొర నడుం చుట్టూ అడ్డంగా ఉంటుంది. రైస్ మిల్లుల దగ్గర బస్తాలు మోసేవాళ్లు నడుముకు తువ్వాలు బిగించి కట్టుకోవడం చూసే ఉంటావు. ఆ తువ్వాలు చేసే పనే లోపల ఈ పొర చేస్తుంది.

ఈ అల్లికకు వంచడమూ వచ్చు, తిప్పడమూ వచ్చు. కానీ దాని ముఖ్యమైన పని, బరువు మీద పడ్డప్పుడు నడుము వంగిపోకుండా, మెలిపడకుండా పట్టి ఉంచడం. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌ బరువులెత్తే పోటీలో స్నాచ్‌లో (ఒక్క ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. నూట ముప్పై కిలోలు తల మీద నిలబడాలంటే చేతుల బలం ఒక్కటే చాలదు, నడుం దగ్గర శరీరం కొయ్యలా బిగిసి ఉండాలి. బరువులెత్తేవాళ్లను దగ్గర్నుంచి చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను, వాళ్ల పొట్టలు వంగి లేచినందువల్ల గట్టిపడినవి కావు. పట్టి నిలబెట్టినందువల్ల గట్టిపడ్డాయి.

ఇక చేసే పద్ధతి. ముందు బిగించడం నేర్చుకో. నిలబడి బొడ్డుకు రెండు పక్కలా వేళ్లు పెట్టుకుని చిన్నగా దగ్గు. వేళ్ల కింద ఏదో గట్టిపడుతుంది కదా, ఆ బిగువును దగ్గకుండా తెచ్చుకోవాలి. పొట్టను లోపలికి పీల్చేయకు. ఎవరో సరదాగా గుద్దబోతే ఎలా బిగిస్తావో అలా బిగించు. బిగించి ఉంచి మామూలుగా ఊపిరి తీసుకోవడం రావాలి. మొదటి వారం ఇది తప్ప వేరే ఏమీ రాకపోయినా ఫర్వాలేదు.

మొదటి వ్యాయామం నువ్వు చేసే క్రంచ్‌కు దగ్గరగానే ఉంటుంది. వెల్లకిలా పడుకో, ఒక మోకాలు మడువు, రెండో కాలు చాపి ఉంచు. రెండు అరచేతులూ నడుం కింద ఉన్న వంపులో పెట్టు, ఆ వంపు చదును కాకూడదు. ఇప్పుడు తల, భుజాలు నేల నుంచి కొంచెం, రెండు మూడు అంగుళాలే లేపి పది సెకన్లు ఆగు. మెడను గుంజకు, గడ్డం ఛాతీకి ఆనించకు. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, సరిగ్గా బిగిస్తే ఆరోసారికే పొట్ట వణుకుతుంది. రెండోది పక్కకు తిరిగి మోచేతి మీద లేచి నిలిచే సైడ్ ప్లాంక్. మొదట మోకాళ్లు నేలకు ఆనించి చెయ్యి, తర్వాత పాదాల మీద. మూడోది చేతులూ మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు ఒకేసారి చాపి పది సెకన్లు ఆగడం, తర్వాత అటుది ఇటు. వీపు మీద నీళ్ల గ్లాసు పెడితే ఒలకకూడదు, అంత నిలకడగా ఉండాలి. మూడింటిలోనూ పది సెకన్ల చొప్పున మొదట ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగు, మళ్లీ ఆగి రెండు. ఒక్కసారిగా రెండు నిమిషాలు ప్లాంక్‌లో ఉండి ముఖం ఎర్రబడేలా ఊపిరి బిగపట్టడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

నెల రోజులకు నడుం నొప్పి పూర్తిగా పోయి, ఇవి తేలికనిపిస్తే అప్పుడు బలానికి పని చెబుదాం. కడ్డీ పట్టుకుని వేలాడుతూ మోకాళ్లు ఛాతీ వైపు తేవడం మంచిది. ఊగకుండా, దించేటప్పుడు నెమ్మదిగా. ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, మూడు సెట్లు. అది కుదిరాక కాళ్లు చాపి లేపు. చేత్తో నెట్టే ఆ చిన్న చక్రం మీ జిమ్‌లో ఉంటే, మోకాళ్ల మీద ఉండి కొంచెం దూరమే నెట్టి వెనక్కి రా. నడుం కిందికి జారిందంటే ఎక్కువ దూరం వెళ్లినట్టు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం మోత. మీ ఫ్లాట్‌కు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ వస్తుంది కదా, అంటే ఇరవై కిలోలు. పట్టుకోవడానికి పిడి ఉన్నది చూసుకుని, ఒక్క చేత్తో పట్టుకుని, ఆ పక్కకు ఏమాత్రం ఒరగకుండా నలభై అడుగులు నడువు. తర్వాత రెండో చెయ్యి. బరువు లేని వైపు నడుం ఎలా బిగుస్తుందో గమనించు. నూతి దగ్గర నుంచి నీళ్లు మోసుకుంటూ పెరిగిన మా తరానికి ఈ వ్యాయామం ఎవరూ నేర్పలేదు, బతుకులోనే దొరికింది. లిఫ్ట్ ఎక్కి దిగే మీ తరం దాన్ని విడిగా చేసుకోవాలి.

సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకో. జిమ్‌కు వెళ్లే రోజైతే బస్కీలు, నేల మీది బరువును పట్టుకుని నిటారుగా లేచే డెడ్‌లిఫ్ట్ అన్నీ అయ్యాక చివర్లో చెయ్యి. ముందే పొట్టను అలిసిపోయేలా చేసి బరువు కింద నిలబడకు. లేచిన వెంటనే చేయడం మానెయ్యి. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న మనం కాస్త పొడుగ్గా ఉంటాం. ఆ ఉబ్బు మీద నడుము వంచితే ఒత్తిడి ఎక్కువ పడుతుంది. లేచాక గంటైనా గడవనీ. నీ నొప్పికి ఇదీ ఒక కారణమేనని నా నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతి. మాఘమాసంలో పెళ్లి, ఫోటోల్లో సిక్స్ ప్యాక్ కనిపించాలి, అదే కదా? కండరం ఎంత పెరిగినా దాని మీద కొవ్వు దుప్పటి ఉంటే కనిపించదు. పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట మీది కొవ్వే కరుగుతుందన్నది నిజం కాదు. కొవ్వు ఒంటి మొత్తం నుంచి తగ్గుతుంది, ఎక్కడ ముందు తగ్గాలో మన చేతిలో లేదు. మగవాళ్లలో చాలామందికి పొట్ట దగ్గరే చివర్లో తగ్గుతుంది. ఒంట్లో కొవ్వు పది, పన్నెండు శాతానికి వస్తేనే ఆ గళ్లు తేటగా కనిపిస్తాయి. ఆ గళ్లు నాలుగా, ఆరా, ఎనిమిదా, సమానంగా ఉంటాయా అన్నది పుట్టుకతో వచ్చేది. దానికి బాధపడకు. షూటింగ్ రోజు కోసం నీళ్లు తగ్గించుకునే పద్ధతులు ఎవరైనా చెబితే అసలు వినకు.

కాబట్టి క్రంచెస్‌కు పెట్టే సమయాన్ని నడకకు పెట్టు. రాత్రి పదకొండుకు ఆర్డర్ పెట్టే బిర్యానీ మానెయ్యి, ఇది బతిమాలి చెబుతున్నాను. ఎనిమిదిన్నరకల్లా తినెయ్యి. కంచంలో అన్నం మూడో వంతు తగ్గించి, ఆ చోట పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర పెట్టు. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. నువ్వు బరువులెత్తుతావు కాబట్టి 1.2 గ్రాములకు తగ్గకుండా చూసుకో. డెబ్బై కిలోలకు ఎనభై నాలుగు గ్రాములు. ఒక గుడ్డులోనే ఆరు గ్రాములు ఉంటాయి, ఇక ఉత్త అన్నం, సాంబారుతో ఆ లెక్క నిండదు. ఉలవలు, శనగలు నానబెట్టుకో. ఏడు గంటలు నిద్రపో. రోజూ అద్దం చూసుకుని టెన్షన్ పడకుండా పదిహేను రోజులకొకసారి బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలుచుకో. మన దేశపు మగవాళ్లకు తొంభై సెంటీమీటర్లు దాటితే గుండెకూ, షుగర్‌కూ మంచిది కాదు. గళ్లు కనిపించినా కనిపించకపోయినా ఆ అంకె లోపల ఉండు.

మీ అక్కకు కాన్పయి నాలుగు నెలలే కదా, నిన్ను చూసి తనూ క్రంచెస్ మొదలుపెట్టిందని విన్నాను. వెంటనే ఆపమను. కడుపుతో ఉన్నప్పుడు మధ్యలో నిలువు కండరం రెండుగా ఎడమవుతుంది, చాలామందికి మెల్లగా దగ్గరవుతుంది, కొందరికి కాదు. ముందు డాక్టరమ్మకు చూపించుకుని, ఎడం ఎంత ఉందో తెలుసుకుని అప్పుడు మొదలుపెట్టాలి. మీ నాన్నకు బీపీ ఉంది, ఆయన మాత్రం ఊపిరి బిగపట్టే పని ఏదీ చేయకూడదు.

నువ్వు ఈ రోజు నుంచి పది రోజులు క్రంచెస్ పూర్తిగా మానెయ్యి. అలాగని రోజంతా మంచం మీద పడుకోవద్దు, నడువు. కాలిలోకి నొప్పి పాకినా, తిమ్మిరెక్కినా, గజ్జల్లో ఉబ్బు కనిపించినా నాకు ఫోన్ చేయడం కాదు, డాక్టర్ దగ్గరకు వెళ్లు. పది రోజులకు తేలికపడితే బిగించడం దగ్గర మొదలుపెట్టి, మూడు వారాలయ్యాక నాకు రెండు వీడియోలు పంపు. ఒకటి చెయ్యీ కాలూ చాపేది, పక్క నుంచి తియ్యి. రెండోది నీళ్ల క్యాన్‌తో నడిచేది, వెనక నుంచి తీయించు. నడుం ఎటు ఒరుగుతోందో చూసి ఏం మార్చాలో చెబుతాను.

అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మావయ్య